దారం కింద వేలు దూరుతోందా?

బుధవారం పొద్దున మందు కోసం పంపిన సీసా ఖాళీగా తిరిగొచ్చింది. మా పనిమనిషి దాన్ని గడప పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆసుపత్రి తలుపు తియ్యలేదండమ్మా. కాంపౌండరుగారు తెల్లారగట్ట పోయారంటండి. గుండె ఆగిపోయిందంట," అంది. నేనన్నది పిచ్చిమాటే. "అదేమిటే, నిన్న సాయంత్రం కూరల బజారులో నాతో మాట్లాడారు కదా!" అన్నాను. నిన్న మాట్లాడిన మనిషి ఇవాళ పోకూడదని ఎక్కడైనా రాసుందా?

ముందురోజు ఆయన అడిగింది ఎప్పుడూ అడిగేదే. వంకాయల బుట్ట ముందు నిలబడి, నా మొహం కాకుండా నా మణికట్టు వైపు చూస్తూ, "దారం కింద వేలు దూరుతోందా అమ్మా?" అన్నారు. "దూరుతోందండీ, నిక్షేపంగా దూరుతోంది. మీరు వంకాయలు కొనుక్కోండి," అన్నాను విసుగ్గా. ఆయనతో నేను ఆఖరుసారి మాట్లాడిన మాట అదే. తలుచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

మీలో చాలామందికి ఆయన తెలియరు. తాడేపల్లిగూడెంలో ఒక డాక్టరుగారి దగ్గర ఇరవయ్యేళ్ళకి పైగా మందులు కలిపిన మనిషి. ఊరందరికీ కాంపౌండరుగారే. పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. పుట్టింది కొల్లేటి లంకలో, చేపలు పట్టే కుటుంబంలో. చదువుకోసం ఏలూరు వచ్చి, అక్కడే మందులు కలపడం నేర్చుకుని, తరవాత మా ఊరు చేరారు. పొట్టి మనిషి. మోకాళ్ళు దాటీ దాటని పంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా. దగ్గరికి వస్తే పిప్పరమెంటు, కార్బాలిక్ సబ్బు కలిసిన వాసన వచ్చేది. సీసాలు ఎవరు తెచ్చినా ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవారు. కిరసనాయిలు వాసన తగిలిందా, ఎంత పెద్దమనిషి ఇంటి సీసా అయినా సరే వెనక్కి పంపించేసేవారు.

నాకు ఆయనతో పరిచయం జగడంతోనే మొదలైంది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చి ఇంకా యేడాది తిరగలేదు. రెండో కాన్పయిన నెలకి నా మొహం ఉబ్బింది. "పచ్చి ఒళ్ళు కదా, నీరు పట్టింది," అన్నారు మా అత్తయ్యగారు. కాళ్ళు కూడా ఉబ్బి, మెట్టెలు వేళ్ళలోకి దిగిపోయాక డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. మూత్రపిండాల జబ్బన్నారు. ఉప్పు పూర్తిగా మానెయ్యమన్నారు. ఉప్పు లేని కూడు తినమంటే నాకు ఆ జబ్బు కంటే ఈ తిండే పెద్ద జబ్బనిపించింది.

చీటీ, సీసా పట్టుకుని మందుల గదికి వెళ్ళాను. కాంపౌండరుగారు సీసా అందుకోలేదు. "కొంచెం కిటికీ వైపు తిరగండమ్మా," అన్నారు. వెలుతుర్లో కనురెప్ప కిందికి లాగి చూశారు. మడమ పైన బొటనవేలితో నొక్కి, గుంట ఎంతసేపటికి పూడుతుందో చూశారు. తరవాత, బెంచీ మీద పదిమంది వింటుండగా, "నీరు రోజుకి ఎన్నిసార్లు పోతోంది? ఏ రంగులో పోతోంది?" అని అడిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అవన్నీ డాక్టరుగారు అడిగారండి. మీరు మందు కలపండి చాలు," అన్నాను.

"ఆయన అడిగే ఉంటారమ్మా. కలిపేది నేను కదా," అని మళ్ళీ అదే ప్రశ్న, ఈసారి గొంతు బాగా తగ్గించి అడిగారు. చెప్పక తప్పలేదు. తరవాత ఇంకో ప్రశ్న. "తలనొప్పొస్తే ఇంట్లో ఏం వేసుకుంటారు?"

"మా కిరాణా కొట్లో తలనొప్పి పొట్లాలుంటాయి కదండీ. ఒకటి వేసుకుంటాను. తగ్గకపోతే రెండు."

ఆయన కలం కింద పెట్టేశారు. "ఇకమీదట వద్దు. ఒక్కటి కూడా వద్దు. మీ ఒంట్లో బయటికి తోసే దారి సగం మూసుకుపోయిందమ్మా. లోపలికి వెళ్ళే ప్రతిదాన్నీ అడిగి పంపాలి."

అప్పుడు చూశాను ఆ దారాన్ని. మందు పోసి, బిరడా బిగించి, డోసుల గుర్తులకి అంచు కత్తిరించిన కాగితం అంటించాక, సొరుగులోంచి ఎర్ర దారం తీసి సీసా మెడకి రెండు చుట్లు చుట్టి ముడేశారు. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళ సీసాకి ఎర్ర దారం. కామెర్లు వచ్చినవాళ్ళకీ, కాలేయం చెడినవాళ్ళకీ పసుప్పచ్చ దారం. దారం ఉన్న సీసాలో మందు ఇంకొకళ్ళు తాగకూడదు, దారం ఉన్న మనిషి ఇంకొక సీసా ముట్టకూడదు. చదువు రానివాళ్ళకి కాగితం మీద పేరు రాసి ఏం లాభమని ఆయనే పెట్టుకున్న పద్ధతి అది. డాక్టరుగారు నవ్వి ఊరుకున్నారట.

వారం తిరక్కుండా మా కొట్టుకొచ్చారు. మా ఆయన కూర్చున్న గల్లా ముందు నిలబడి చేతులు కట్టుకుని, "శెట్టిగారూ, ఒక్క సాయం చేసిపెట్టాలండీ. విరేచనానికని భేది ఉప్పు కోసం వచ్చినవాళ్ళని, కాళ్ళు వాస్తున్నాయా, నీరు తక్కువ పోతోందా అని ఒక్క మాట అడిగి ఇవ్వండి," అన్నారు. మా ఆయన తెల్లబోయారు.

"కొట్లో నిలబెట్టి ఆ ప్రశ్నలేమిటండీ? జనం నవ్వుతారండీ బాబూ!"

"నవ్వనివ్వండి. నవ్వుతున్నారంటే బతికున్నట్టే కదండీ," అన్నారాయన. మా ఆయన ఆ మాట ఇంటికొచ్చి చెప్పి పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. అదేం వెర్రో ఈ మనిషికి, అనుకున్నాను.

ఇక మా అత్తయ్యగారి సంగతి చెప్పాలి. ఆవిడ చేసినదాన్ని మీరు తప్పుగా చూడకండి. ఆ మందు రెండు సీసాలయ్యేసరికి నా మొహం వాపు తీసింది. ఆవిడకి కాంపౌండరుగారి హస్తవాసి మీద చెప్పలేనంత గురి కుదిరింది. మూడో సీసా వచ్చిన శుక్రవారం నాడు పొద్దున్నే తలస్నానం చేసి, ఆ సీసా మెడకున్న ఎర్ర దారం విప్పి, దేవుడి దగ్గర పెట్టి, పసుపూ కుంకుమా అద్ది తెచ్చి నా మణికట్టుకి కట్టారు. "ఆయన చేతి దారం తల్లీ. సీసా మెడకుంటే దానికేం మేలు? నీ చేతికుంటే కదా!" అన్నారు. నాకూ ముచ్చటేసింది. వద్దనలేదు.

మా గూట్లో అప్పుడు రెండు సీసాలుండేవి. ఒకటి నాది. రెండోది మావయ్యగారిది, మలబద్ధకానికి అదే ఆసుపత్రిలో ఇచ్చిన తెల్ల మందు. రెండూ ఒకే రకం సీసాలు, రెండిటికీ ఒకే రకం కాగితం, లోపలా తెలుపే. మావయ్యగారు కళ్ళజోడు లేకుండా అక్షరం పోల్చుకోలేరు. అత్తయ్యగారికి చదువు రాదు. నేను పసిదాన్ని పక్కలో వేసుకుని మంచం మీద. గూడు తుడవడానికని సీసాలు కిందికి దించి మళ్ళీ పెట్టినప్పుడు అటుది ఇటు, ఇటుది అటు అయిపోయాయి. చూసి చెప్పడానికి దారం లేదు. అది నా చేతికుంది.

ఆ సాయంత్రం నుంచి నేను తాగింది మావయ్యగారి మందు. అందులో ఉన్నది భేది ఉప్పే. నాకు తేడా తెలిసింది, ఎందుకు తెలియదు? పిప్పరమెంటు వాసన వచ్చింది. ఉప్పగా కూడా తగిలింది. ఉప్పు మొహం చూడక నకనకలాడుతున్న నా నాలుక్కి ప్రాణం లేచొచ్చింది. మందు మార్చారు కాబోలు, ఎంత మంచివారో అనుకున్నాను. విరేచనాలయ్యాయి. "ఒంట్లో నీరంతా దిగిపోతోందమ్మా," అని అత్తయ్యగారు సంబరపడ్డారు. ఒక్క డోసు కూడా తప్పకుండా దగ్గర కూర్చుని తాగించారు.

మూడో రోజుకి నాకు మగత కమ్మింది. కళ్ళు తెరుద్దామంటే రెప్పలు లేవవు. పక్కలో పసిది ఏడుస్తోంది, వినబడుతోంది. చెయ్యి చాపుదామంటే చెయ్యి నాది కాదు. ఆ ఏడుపు వింటూ, దగ్గరికి తీసుకోలేక, అలా పడున్నాను. ఇంత రాస్తున్నా ఆ పూట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది. ఇంట్లోవాళ్ళు మాత్రం, పాపం ఇన్నాళ్ళకి కంటినిండా నిద్రపోతోందని చప్పుడు చెయ్యకుండా తిరుగుతున్నారు.

నన్ను బతికించింది మావయ్యగారి కోపం. ఆ మధ్యాహ్నం ఆయన ఆసుపత్రికెళ్ళి పోట్లాట పెట్టుకున్నారు. ఆ సంభాషణ ఆయన తరవాత ఎన్నోసార్లు చెప్పగా నాకు కంఠతా వచ్చింది.

"ఏవండీ కాంపౌండరుగారూ, మూడు రోజుల్నుంచి తాగుతున్నాను. ఒకటే చేదు. పని మాత్రం సున్నా."

"చేదా? పిప్పరమెంటు వాసన రావట్లేదాండీ?"

"ఎక్కడి పిప్పరమెంటండీ బాబూ!"

కాంపౌండరుగారు చేతిలో ఉన్న మందు కొలిచే గాజు గ్లాసు అక్కడే వదిలేశారట. అది కిందపడి పగిలింది. "మీ కోడలుగారు ఎలా ఉన్నారు?" అని అడిగి, మావయ్యగారు "హాయిగా నిద్రపోతోంది," అనేసరికి, డాక్టరుగారి గదిలోకి పరిగెత్తి చెప్పి, చెప్పులైనా వేసుకోకుండా మా ఇంటివైపు పరుగు. వెనకాల డాక్టరుగారు సైకిలు మీద.

నాకు తెలిసింది ఒక్కటే. ఎవరో నా రెప్పలు ఎత్తి చూశారు. "అమ్మా, నా మాట వినబడితే వేలు కదపండి," అంది ఆ గొంతు. కదిపానట. డాక్టరుగారు ఆ భేది ఉప్పుకి విరుగుడుగా చేతి నరంలోకి కాల్షియం ఇంజెక్షను చాలా నెమ్మదిగా ఎక్కించారు. ఒళ్ళంతా వెచ్చగా పాకింది. కాసేపటికి ఊపిరి నిండుగా అందింది. చీకటి పడకముందే పిల్ల మీద చెయ్యి వెయ్యగలిగాను. చచ్చి బతకడం అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ తరవాత నాలుగో రోజున నేను దిండుకి ఆనుకుని కూర్చోగలిగాను. కాంపౌండరుగారు వచ్చి గుమ్మంలో పీట వేసుక్కూర్చున్నారు. అత్తయ్యగారు స్తంభం చాటున నిలబడి కుళ్ళికుళ్ళి ఏడుస్తున్నారు. "నా చేతులారా పిల్లని చంపేసేదాన్నండీ. ఆ దారం విప్పిన చేతులు విరిగిపోనూ," అని ఆవిడ తిట్టుకుంటుంటే, ఆయన కంగారుపడి లేచి నిలబడ్డారు.

"అంతమాట అనకండమ్మా. మీరు ముచ్చటపడి చేశారు. నేను చేసింది ముచ్చటపడి కూడా కాదు," అని, తల వంచుకుని, ఏలూరు సంగతి చెప్పారు.

ఆయన పని నేర్చుకుంటున్న రోజులట. కలిదిండి వైపు నుంచి పడవ దిగి ఒకాయన వచ్చాడు. కాళ్ళు వాచి ఉన్నాయి. కడుపు బిగిసింది, భేది ఉప్పు ఇప్పించమన్నాడు. పెద్దవాళ్ళు లేరు. ఈయన త్రాసులో వేసి, ఒక్క రవ్వ ఎక్కువ తక్కువ లేకుండా తూచి ఇచ్చారు. ఆ మనిషి మగతలోకి జారుకుని, మూడో రోజున ప్రాణం వదిలాడు. తప్పు ఎవరూ పట్టలేదు. తూకం సరిగ్గా ఉంది మరి.

"మందుని కొలిచానండీ. మనిషిని కొలవలేదు," అన్నారు కాంపౌండరుగారు. "మామూలువాళ్ళ ఒంట్లోంచి ఆ ఉప్పు నీటితో పాటు బయటికి పోతుంది. మూత్రపిండాలు చెడితే పోదు. లోపలే పేరుకుంటుంది. కాలేయం చెడినవాళ్ళకీ అంతేనండీ, మందుని విరవాల్సింది అది విరవలేక, అందరికీ ఇచ్చే డోసే వాళ్ళకి విషమైపోతుంది. డోసు సరైనదా అని కాదు, ఎవరికి సరైనదో చూడాలి. ఆయన కాళ్ళ వంక నేను చూశానండీ. చూసి కూడా అడగలేదు."

ఆయన నా చేతికున్న దారాన్ని చాలాసేపు చూశారు. విప్పి తీసుకుపోతారేమో అనుకున్నాను. అలా చెయ్యలేదు. "అమ్మా, మీరు కట్టిందే సరైన చోటు," అన్నారు అత్తయ్యగారితో. "సీసాలు తారుమారవుతాయి. మనిషి చెయ్యి తారుమారు కాదు. ఇన్నేళ్ళూ నాకు ఈ బుద్ధి పుట్టలేదు చూడండి."

ఆ రోజు నుంచి ఆయన సీసాకి ఒక దారం, మనిషికి ఒక దారం కట్టడం మొదలుపెట్టారు. కడుతూ ప్రతివాళ్ళకీ ఒకే మాట చెప్పేవారు: "ఎవరు ఏ మందిచ్చినా ముందు ఈ చెయ్యి చాపండి. ఎందుకని వాళ్ళు అడుగుతారు. అడిగితే చాలు." దారాన్ని బిగించి కట్టేవారు కాదు. చిటికెన వేలు దూరేంత వదులు ఉంచేవారు. నీరు పడితే అది బిగుసుకుంటుంది. ఇంట్లో కూర్చునే, అద్దం కూడా అక్కర్లేకుండా, వాపు మొదలైందని తెలిసిపోతుంది. అందుకే ఆయన నన్ను ఎక్కడ చూసినా, బజారులో, రైలు గేటు దగ్గర, ఆఖరికి మా మరిది పెళ్ళి పందిట్లో కూడా, దారం కింద వేలు దూరుతోందా అని అడిగేవారు. పెళ్ళివారు వింతగా చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. "మీకు వేళా పాళా లేదాండీ?" అని కసురుకున్నాను. "జబ్బుకి లేదు కదమ్మా," అని నవ్వి, పులిహోర వడ్డిస్తున్న మనిషి చెయ్యి పట్టుకుని, "ఈ ఆకులో వెయ్యకండి," అన్నారు. ఆ పులిహోర మీద నాకు ఎంత ఆశగా ఉందో ఆయనకేం తెలుసు!

బుధవారం మధ్యాహ్నం అత్తయ్యగారూ నేనూ ఆయన ఇంటికెళ్ళాం. చిన్న పెంకుటిల్లు. వాకిలి చాలక జనం వీధిలో నిలబడ్డారు. కొల్లేటి లంకల నుంచి కొందరు అప్పటికే వచ్చేశారు, తడి పంచెలతోనే. చాలామంది చేతులకి దారాలున్నాయి. ఎర్రవి కొన్ని, పసుప్పచ్చవి కొన్ని, మాసిపోయి ఏ రంగో తెలియనివి కొన్ని. గోడవారన నిలబడ్డ ఒక పెద్దాయన తన పసుప్పచ్చ దారాన్ని నాకు చూపించాడు.

"పోయినేడు కాలిరిగితే పెద్దాసుపత్రికి తీసుకుపోయారండి. నొప్పికి తాళలేక అరుస్తా ఉంటే నిద్రమందు సూదెయ్యబోయారండి. ఆయ్, నేను అరుపు ఆపి ఈ చెయ్యి చాపానండి. ఇదేంటని అడిగారండి ఆ డాక్టరుగారు. లివరు సంగతి చెప్పాను. ఆ సూది పక్కన పెట్టేసి, వేరేది కొంచెం వేశారండి," అని, కళ్ళు తుడుచుకున్నాడు. "దారం కట్టినాయన ముందెళ్ళిపోయాడు, నేనున్నాను చూడండి."

కాంపౌండరుగారి ఇల్లాలి పక్కన కూర్చున్నాను. ఆవిడే నా చెయ్యి అందుకుని, దారం కింద తన వేలు పెట్టి చూసి, "మొన్న మిమ్మల్ని తలుచుకున్నారమ్మా. ఆవిడ దారం పాతబడింది, మార్చాలి అన్నారు," అంది. అప్పటిదాకా బిగబట్టుకున్నదాన్ని, ఇక నా వల్ల కాలేదు. ఆయన్ని ఎన్నిసార్లు విసుక్కున్నానో, ఒక్కసారైనా మీ వల్ల బతికానండీ అని నోరారా అనలేదు. ఈ నాలుగు మాటలూ రాయడం అందుకే.

పన్నెండు రోజులకి ఆసుపత్రికి ఏలూరు నుంచి కొత్త కాంపౌండరు వచ్చారు. నడివయసు మనిషి, పని తెలిసినవారే. ఈసారి సీసా ఎవరి చేతికీ ఇవ్వకుండా నేనే పట్టుకెళ్ళాను. ఆయన తలెత్తకుండా చీటీ చదివి, సీసా కోసం చెయ్యి చాపారు. నేను వదల్లేదు.

"ముందు నన్ను చూడండి," అన్నాను.

ఆయన తెల్లబోయి చూశారు. నా మణికట్టు బల్ల మీద పెట్టాను. "మొక్కు దారమాండీ?" అన్నారు. కాదని, అదేమిటో చెప్పాను. ఎర్రదెందుకో, పసుప్పచ్చదెందుకో, మావయ్యగారి సీసా సంగతి, పగిలిన గాజు గ్లాసు సంగతి, అన్నీ చెప్పాను. బెంచీ మీద పదిమంది వింటున్నారు. నాకేం సిగ్గనిపించలేదు. నీరు ఎన్నిసార్లు పోతోందో కూడా అడక్కుండానే చెప్పాను.

ఆయన సొరుగు లాగారు. రెండు దారపు ఉండలు, పక్కన మూరెడేసి కత్తిరించిపెట్టిన ముక్కలు రెండు కట్టలుగా. రేపొచ్చేవాళ్ళ కోసం మా కాంపౌండరుగారు ముందే కత్తిరించి పెట్టుకున్నవి. "ఇవేమిటో తెలియక పారేద్దామనుకున్నానండీ," అన్నారు కొత్తాయన చిన్నగా. ఎర్ర కట్టలోంచి ఒక ముక్క లాగి, నా పాత దారం కత్తిరించి, కొత్తది చుట్టి ముడేశారు. అలవాటు లేని చెయ్యి, బిగిసిపోయింది.

"కొంచెం వదులు ఉండాలండీ," అన్నాను.

ఆయన ముడి విప్పారు. మళ్ళీ జాగ్రత్తగా కట్టి, నా మొహంలోకి చూసి, "ఇప్పుడు వేలు దూరుతోందా అమ్మా?" అని అడిగారు.

దారం కింద చిటికెన వేలు పెట్టి, కళ్ళనీళ్ళు ఆగాక, "దూరుతోందండీ," అన్నాను. ఈసారి విసుక్కోలేదు.